నీళ్లు దాటని ఇల్లు

మా ఇంట్లో తిట్లకు కరువు లేదు. దూదేకేవాళ్ల ఇల్లు మాది. దూది నూగు గొంతులో పడి మాట ఎప్పుడూ బొంగురుగానే వస్తుంది. బొంగురు గొంతుతో తిడితే మామూలు తిట్టు కూడా రెండింతలు వినపడుతుంది. నాయిన అమ్మను, అమ్మ నన్ను, నేను తమ్ముణ్ని, అందరం కలిసి కరెంటువాళ్లను తిట్టుకుంటూ బతికేవాళ్లం. ఒక్క తిట్టు మాత్రం ఇంట్లో నిషేధం. మక్తల్ బజారులో స్కూటర్ స్టార్ట్ కాకపోయినా, చాయ్‌లో ఈగ పడినా అందరి నోటా వచ్చే మాట అది: బేడా గర్క్. బేడా అంటే పడవల గుంపు, గర్క్ అంటే మునగడం. ఆ మాట వాడేవాళ్లలో చాలామందికి ఆ అర్థం తెలియదు. మా ఇంట్లో అక్షరం ముక్క రాని పిల్లకు కూడా తెలుసు. బడిలో నేర్చుకొచ్చి ఒకసారి అన్నందుకు అవ్వ నా నోట్లో ఉప్పు పోసి కడిగించింది.

ఎందుకంటే మా అవ్వ తండ్రి ఓడలో మునిగిపోయాడు. అవ్వ అంటే మా నాయిన తల్లి. మాది జొన్నలు, కందులు, పత్తి పండే మెట్టభూమి. ఏ దిక్కుకు నడిచినా సముద్రం రాదు. అలాంటి చోట ఓడలో పోయిన మనిషి మా ముత్తాత. అది కూడా ఆయన సొంతంగా పోయిన ప్రయాణం కాదు. ఒక జాగీర్దారు హజ్‌కు పోతూ, పరుపులు మోసి, పరిచి, చుట్టిపెట్టే మనిషి కావాలని పరుపులు కుట్టేవాణ్నే వెంట తీసుకుపోయాడు. మక్కా చూసే పుణ్యం ఊరికే వస్తుంటే ఎవరు వద్దంటారు? బొంబాయిలో జహాజ్ ఎక్కారని ఇంటికి తెలిసింది. తర్వాత జహాజ్ మునిగిందని తెలిసింది. ఆ జహాజ్ పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పోయేటప్పుడు మునిగిందో, వచ్చేటప్పుడు మునిగిందో కూడా తెలియదు. అప్పటికి అవ్వ ఇంకా తన తల్లి కడుపులోనే ఉంది.

అక్కడి నుంచి మా ఇంటికి ఒక చట్టం వచ్చింది. నీళ్లు దాటొద్దు. సముద్రం మాకు ఎలాగూ లేదు కాబట్టి ఆ చట్టం వచ్చి కృష్ణ మీద పడింది. మక్తల్‌లో బస్సెక్కితే పూట గడవకముందే రాయచూరులో దిగొచ్చు, మధ్యలో ఒక్క వంతెన. దవాఖానకు, బట్టలకు, బంగారానికి ఊరంతా అటే పోతుంది. మా ఇంటి ఆడవాళ్లం మాత్రం జ్వరమొచ్చినా, పెళ్లొచ్చినా ఇటు పాలమూరుకే. మా మేనత్తకు రాయచూరు సంబంధం వస్తే, నీళ్లకు అవతలి ఇల్లని వద్దన్నారు. బడిపిల్లలను శ్రీశైలం తీసుకుపోయినప్పుడు, అక్కడ లాంచీ ఎక్కిస్తారని నన్ను పంపలేదు. ఆ రోజంతా ఇంట్లో కూర్చుని ఎవరిదో పాత పరుపు విప్పి గట్టిపడిన దూది పీకుతూ ఏడ్చాను.

తమ్ముడు మాత్రం ఇంటర్ కాగానే రాయచూరు పోయి, సెకండ్ హ్యాండ్ బైకు కొనుక్కుని, దర్జాగా నడుపుకుంటూ వచ్చాడు. ఎవరూ ఏమీ అనలేదు. వాడు మాత్రం నీళ్లు దాటలేదా అని నాయినను నిలదీశాను.

"వాడు బండి మీద వచ్చిండు గద. బండి మీద వస్తే దాటినట్టు గాదు," అన్నాడు నాయిన.

పోయేటప్పుడు బస్సులోనే పోయాడు కదా అని అడిగే ఓపిక నాకు లేకపోయింది. ఒళ్లు మండిపోయింది. ఇప్పుడు తలుచుకున్నా మండుతుంది.

పాలమూరులో హాస్టల్లో ఉండి ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివాను. తెలంగాణ వచ్చిన కొత్త రోజులు. మన రాష్ట్రం మనకొచ్చింది, ఇక ఉద్యోగాలే ఉద్యోగాలని బస్సుల్లో, హోటళ్లలో అందరూ అనుకునేవాళ్లు. నా వరకు మాత్రం ఒక్కటీ రాలేదు. సర్టిఫికెట్టు పట్టుకుని మక్తల్‌కు వచ్చి, మళ్లీ దూది గదిలో కూర్చున్నాను.

ఆ గది గురించి చెప్పాలి. ఇంటి ముందు గదిలోనే దూదేకే మిషను. ఏకేటప్పుడు ఫ్యాను వెయ్యకూడదు, కిటికీ తెరవకూడదు. తెరిస్తే దూది లేచి బజారున పడుతుంది. మే నెల ఎండలో, కిటికీలు బిగించిన గదిలో, ముక్కుకు గుడ్డ కట్టుకుని కూర్చుంటే అక్కడ గాలి కంటికి కనపడుతుంది. తెల్లగా, నూగునూగుగా, చెమట పట్టిన మెడకు అంటుకుంటూ. నీళ్లు తాగితే గ్లాసులో దూది, అన్నం తింటే పళ్లెంలో దూది. మిషను తిరుగుతున్నంతసేపు ఎవరి మాటా ఎవరికీ వినపడదు. రక్తం చుక్క చూసి రోగం చెప్పే చదువు చదివి, ఊరి జనం పడుకుని మాపిన పరుపుల దూది ఏకుతున్నానని రోజూ నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

మధ్యాహ్నం మిషను ఆపి అందరూ కునుకు తీసేటప్పుడు ఫోను పట్టుకునేదాన్ని. డేటా చవకైన రోజులు అవి. ముత్తాత ఎక్కిన ఓడ ఎక్కడైనా దొరుకుతుందేమోనని వెతకడం మొదలుపెట్టాను. పేరు తెలియని ఓడను ఎవరు వెతికిపెడతారు? అది దొరకలేదు గానీ, దాని బదులు ప్రపంచంలో మునిగిన ఓడలన్నీ దొరికాయి. మంచుకొండకు తగిలి మునిగిన పెద్ద ఓడ అందరికీ తెలిసిందే. యుద్ధంలో జలాంతర్గామి దెబ్బకు, జనం పడవల దగ్గరికి చేరేలోపే మునిగిన ఓడ ఉంది. పొగమంచులో ఇంకో ఓడ వచ్చి డొక్కలో పొడిస్తే ఎనుములా పక్కకు ఒరిగిన ఓడ ఉంది. ఆఫ్రికా కొస దగ్గర చెక్కముక్క కూడా మిగల్చకుండా మాయమైన ఓడ ఉంది. దాన్ని ఇప్పటికీ వెతుకుతున్నారు. కొన్నాళ్లకు ఓడలో ఏ గోడ ఎక్కడ ఉంటుందో, ఏ గోడ పగిలితే నీళ్లు ఎటు పోతాయో నాకు మా ఇల్లు తెలిసినట్టు తెలిసిపోయింది. అట్లాంటిక్ లోతు అడిగితే తడుముకోకుండా చెప్పేదాన్ని. కృష్ణ లోతు మాత్రం తెలియదు. బావిలో కప్ప సముద్రం మీద డిగ్రీ చేసినట్టు ఉండేది నా సంగతి.

నాకు బాగా కోపం తెప్పించింది ఒకటుంది. దొరలు ఎక్కిన ఓడల గురించి ఎంత రాశారంటే, మునిగే రోజు బల్ల మీద ఏమేం వడ్డించారో కూడా రాశారు. హాజీల ఓడల గురించి రాసింది చాలా తక్కువ. ఒకచోట నాలుగు వాక్యాలు దొరికాయి. అడుగు అంతస్తులో పేదవాళ్లను గొర్రెలను తోలినట్టు తోలి, తుఫాను వస్తే నీళ్లు లోపలికి రాకుండా పైనుంచి తలుపు బిగించేవాళ్లట. లోపల చీకటి, ఉక్క. అది చదివిన మధ్యాహ్నం నేను లేచి కిటికీ బార్లా తెరిచాను. కుప్పగా పోసిన దూది గదంతా లేచింది. నాయిన నిద్ర లేచి తిట్టాడు. మళ్లీ మూసి గొళ్లెం పెట్టాను.

ఇంకోటి కూడా చదివాను. లండన్‌లో ఓడల బీమా చూసేచోట ఒక గంట వేలాడదీసి ఉంటుందట. రావలసిన ఓడ ఎంతకీ రాకపోతే, మునిగిందని తేలిన రోజున ఆ గంట కొట్టి అందరికీ చెప్పేవాళ్లట. మా ముత్తాత ఎక్కిన ఓడకు కూడా ఎవరైనా గంట కొట్టారేమో. కొట్టినా మక్తల్ దాకా వినపడలేదు.

అప్పుడే ఫోన్ వచ్చింది. పాలమూరులో నాతో చదివిన పిల్ల రాయచూరులో ఒక ల్యాబ్‌లో పనిచేస్తోంది. ఇంకో మనిషి కావాలట. కొత్త నెల మొదలయ్యేలోపు వచ్చి చేరితే ఉద్యోగం, లేకపోతే వేరేవాళ్లను పెట్టుకుంటారు. ఉండడానికి తన గదిలోనే జాగా ఉందంది. ఆ పూట అన్నం తినలేదు నేను. ఎవరిని ఎలా అడగాలా అని ఆలోచిస్తూ కూర్చుని, చివరికి ముగ్గురినీ ఒకేసారి అడిగాను.

"అవ్వ ఒప్పుకోదు," అన్నాడు నాయిన.

"నీళ్లు దాటుతవని తెలిస్తే అవ్వ పాణం ఇడుస్తది," అంది అమ్మ.

"అవ్వ సంగతి నీకు తెల్వదా అక్కా," అన్నాడు తమ్ముడు, బైకు తుడుచుకుంటూ.

ముగ్గురూ అవ్వనే తాళంకప్పలా తలుపుకు వేశారు. అవ్వ మాత్రం వెనక గదిలో నులకమంచం మీద కూర్చుని అడకత్తెరతో పోకలు కత్తిరించుకుంటోంది. దూది నూగుకు దగ్గు వస్తుందని ఆమె ముందు గదిలోకి రావడం ఎప్పుడో మానేసింది. కండ్లకు పొర కమ్మింది గానీ చెవులు బాగానే పనిచేస్తాయి. ఆమెను చూస్తుంటే నాకు ఒకటి తట్టింది. నీళ్లు దాటొద్దన్న మాట నా జన్మలో అవ్వ నోటి నుంచి నేను వినలేదు. విన్నదంతా నాయిన నోటి నుంచే, అవ్వ అన్నది, అవ్వ అన్నది అని.

కోపంతోనే లోపలికి పోయాను.

"అవ్వా, నేను రాయచూర్ల నౌకరికి పోత. కృష్ణ దాటుత. నువ్వు వద్దన్నా పోత."

అవ్వ అడకత్తెర ఆపలేదు. "వద్దని ఎవరన్నరు?"

"నువ్వే."

"నేనెప్పుడన్న?"

అవ్వ పక్కన కూర్చోమని మంచం తట్టింది. పోకలు కత్తిరిస్తూనే, ఎవరో పక్కింటివాళ్ల సంగతి చెప్పినట్టు చెప్పింది.

"జహాజ్ మునిగిందని జాగీర్దారింటికి తంతి వచ్చిందంట. తంతిల జాగీర్దారు పేరుండె. మా నాయిన పేరు లేకుండె. పరుపులు మోసేటోని పేరు ఎవరు రాస్తరు? జాగీర్దారు పెండ్లాం ఇద్దత్ కూసున్నది. మా అమ్మ గూడ పోయి, నేను గూడ కూసుంట అన్నదంట."

భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు, కడుపుతో ఉంటే కాన్పు అయ్యేదాకా, గడప దాటకుండా ఉండడాన్ని ఇద్దత్ అంటారు. అది ముగిస్తే బయటికి వస్తుంది. పుట్టింటికి పోవచ్చు, పనికి పోవచ్చు, ఇష్టమైతే మళ్లీ నిఖా చేసుకోవచ్చు. కష్టమే గానీ దానికి ఒక మొదలు, ఒక చివర ఉన్నాయి.

"మసీదు పెద్దమనిషి ఒప్పలే," అంది అవ్వ. "నీ మొగడు సచ్చినట్టు చూసి గవాయి జెప్పేటోడు ఉన్నడా, కబురున్నదా, రేపు తిరిగొస్తే ఏం జేస్తవ్ అన్నడంట. సచ్చిండంటే ఏడ్సి ఊకుంటుండె. బతికిండంటే తిట్టుకుంట బతుకుతుండె. మా అమ్మకు రెండు లేకపాయె."

అప్పటినుంచి ఆమె తలుపుకు లోపల గొళ్లెం పెట్టి పడుకోలేదట. ఏ రాత్రి వచ్చి తట్టినా ఆలస్యం కాకూడదని. సొంత చెల్లెలి పెండ్లికి కూడా పోలేదట. ఆయన వచ్చి చూస్తే ఇంటికి తాళం ఉంటుందని. హజ్ నుంచి ఎవరు తిరిగొచ్చారని తెలిసినా వాళ్ల ఇంటికి పోయి, పరుపులు మోసే మనిషి ఎక్కడన్నా కనపడ్డాడా అని అడిగి వచ్చేదట. గాజులమ్ముకునే ఆయన ఒకడు, మంచివాడు, పిల్లను కూడా సాదుకుంటానని కబురు పెడితే, మొగుడున్న ఆడదానికి మళ్లీ నిఖా ఏందని మసీదువాళ్లు ఆయననే కసిరారట. కూతురి పెండ్లికి కూడా ఇల్లు వదలనన్నది కాబట్టే మా తాత ఇల్లరికం వచ్చాడు. ఇదంతా నేను పుట్టి పెరిగిన ఇంట్లో, ఈ గడపలోనే జరిగింది. నాకు ఎవరూ చెప్పలేదు.

"ఆయన ఒక్కపారి మునిగిండు బిడ్డా. మా అమ్మ గీ గడపల కూసోని ఏండ్లకేండ్లు మునిగింది," అంది అవ్వ. "సచ్చేటప్పుడు నా చెయ్యి వట్టుకోని ఒక్కటే మాట జెప్పింది. నీళ్లు దాటినోళ్ల కోసం ఎదురుసూడకు అన్నది. గంతే."

"నీళ్లు దాటొద్దని గాదా?"

"దాటొద్దని ఎందుకంటది? దాటినోడు దాటిపాయె. కూసున్నది ఆమెనాయె. ఆ మాట నేను మీ తాతకు జెప్పిన. మీ తాత మీ నాయినకు జెప్పిండు. మొగోళ్ల చెవుల వడ్డంక మాట ఉన్నది ఉన్నట్టు ఉంటదా?"

నా కోపం ఇప్పుడు అవ్వ మీదికి మళ్లింది. "మరి ఇన్నేండ్లు ఎందుకు ఊకున్నవ్? అత్తమ్మ సంబంధం పోగొట్టిండ్రు గద."

అడకత్తెర ఆగింది. "నన్ను ఎవరడిగిండ్రు?" అంది ముందు. మళ్లీ తనే అంది. "తెలుసు నాకు. నా పేరు జెప్పి ఆపిండ్రని తెలుసు. కన్నబిడ్డ నా కండ్ల ముందల ఉంటదని ఊకున్న. తప్పే."

నేను నాయినను చెయ్యి పట్టి గుంజుకొచ్చాను. అవ్వ అదే మాట మళ్లీ చెప్పింది, ఒక్క ముక్క తేడా లేకుండా. నాయిన నిలబడి విన్నాడు. విని, నా వైపు తిరిగి నెమ్మదిగా అన్నాడు.

"అవ్వకు మతి సరిగ లేదు. నిన్న ఏం తిన్నదో యాదికుండదు, గప్పటి ముచ్చట యాదికుంటదా?"

"వద్దన్నదంటే ఇన్నేండ్లు నమ్మితివి. పొమ్మంటే మతి లేదంటవా?"

నాయిన పోయి మిషను ఆన్ చేశాడు. ఆ మోతలో ఎవరు ఏమన్నా ఎవరికీ వినపడదు. అంత అన్యాయం నేను ఎక్కడా చూడలేదు. తలుపు మూసేటప్పుడు అవ్వ మాట శాసనం, తెరిచేటప్పుడు ముసలిదాని వాగుడు. తర్వాతి రోజులన్నీ నాయిన అదే పని చేశాడు. నేను నోరు తెరిస్తే మిషను తిరిగేది. ఏకడానికి దూది లేకపోతే ఏకిందే మళ్లీ ఏకాడు. కొత్త నెల దగ్గరపడుతోంది. అవతలినుంచి ఆ పిల్ల ఫోన్ చేస్తుంటే ఏం చెప్పాలో తెలియక ఎత్తడం మానేశాను. మూసిన గదిలో ముక్కుకు గుడ్డ కట్టుకుని కూర్చుని, ఓడ అడుగున పడుకున్న ముత్తాతను తలుచుకునేదాన్ని. పైన తలుపు బిగించిన చప్పుడు ఆయనకు వినపడి ఉంటుంది. తర్వాత తలుపుకు గొళ్లెమే పెట్టుకోని ముత్తవ్వను తలుచుకునేదాన్ని. ఆమె తలుపు ఎప్పుడూ తెరిచే ఉంది. అయినా ఆమె బయటికి రాలేకపోయింది.

ఇక ఆ ఉద్యోగం పోయినట్టే అనుకున్న రోజు, మిషను తిరుగుతుండగా వెనక గది తలుపు దగ్గర అవ్వ కనపడింది. గోడ పట్టుకుని, దూది కుప్పల మధ్య నుంచి తడుముకుంటూ వచ్చింది. చీర, తల, కనుబొమ్మలు అన్నీ తెల్లబడ్డాయి. దగ్గు తెర మీద తెర వస్తోంది. నేను లేచేలోపే ఆమె చెయ్యి స్విచ్చు మీద పడింది. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.

"పిల్లను పోనియ్యి," అంది నాయినతో, దగ్గు మధ్యలో. "నేను ఆపలే. రేపు నేను సచ్చినంక గూడ నా పేరు జెప్పి ఎవ్వర్ని ఆపకు."

నాయిన గొంతు మారింది. అప్పుడు తెలిసింది నాకు, ఆయనకు నిజంగానే భయమని. "దానికేమన్న అయితే ఎట్లనే అవ్వా?"

"అయితే ఏడుద్దాం. ఏడిస్తే తీరుతది."

నాయిన మళ్లీ మిషను వెయ్యలేదు. అమ్మ లోపలికి పోయి నా బ్యాగు దించింది. కిటికీలు నేనే తెరిచాను. దూది బజారున పడితే పడిందని ఎవరూ ఏమీ అనలేదు.

మరునాడు పొద్దున నాయిన మాట్లాడకుండానే ఒక కొత్త పరుపు చుట్టి తాడు బిగించాడు. ఎత్తి చూస్తేనే తెలిసింది, ఇంట్లో ఉన్న మంచి దూది అంతా అందులోనే పెట్టాడని. అమ్మ ఏడుస్తూ రొట్టెలు కట్టింది. మా దగ్గర ఊరికి పోయేవాళ్లు ఎవరూ పోతా అనరు. పోయొస్త అంటారు. ఉన్నవాళ్లు పోయిరా అంటారు. మాట తప్పితే అపశకునం. నేను అందరికీ వరసగా పోయొస్తనని చెప్పాను. అమ్మ, తమ్ముడు పోయిరా అన్నారు. నాయిన తల ఊపాడు. చివరికి వెనక గదిలోకి పోయి అవ్వ కాళ్ల దగ్గర కూర్చున్నాను.

"పోయొస్త అవ్వా."

అవ్వ నా తల మీద చెయ్యి పెట్టింది.

"పో బిడ్డా," అంది. "నేనైతే ఎదురుసూడ."

గుమ్మంలో అమ్మ ఉలిక్కిపడింది. అట్లనకు అత్తా అని అడ్డం వచ్చింది. అవ్వ ఆ మాట దిద్దుకోలేదు. నేను లేచి బయటికి వచ్చేశాను.

బస్సులో కిటికీ పక్క సీటే దొరికింది. ఊరు దాటాక కూడా నాకు ఆ మాటే వినపడుతోంది. కొంగుతో మొహం తుడుచుకుంటూ కూర్చున్నాను. పక్కనామె ఏ ఊరమ్మా నీది, ఎందుకేడుస్తున్నవ్ అని అడిగితే ఏదో చెప్పాను. కృష్ణ ఎప్పుడొస్తదని ఆమెనే అడిగాను. ఎప్పుడో దాటినం గద అంది. కింద నీళ్లున్నాయో లేవో చూడనే లేదు.